పన్నెండో పేరు

2025 ఫిబ్రవరి 3, సోమవారం

నేటి నుంచి నేను సాక్షిని. డెబ్బై మూడేళ్ల వయసులో కొత్త ఉద్యోగం. జీతం లేదు. ఆటో ఖర్చు, మధ్యాహ్న భోజనం, మెడలో వేసుకోవడానికి ఒక ఐడీ కార్డు. కార్డు మీద నా పేరు కింద నిష్పాక్షిక సాక్షి అని అచ్చువేశారు. ఆ సమాసం నేను కూర్చి ఇచ్చినదే.

అనూష అనే పరిశోధకురాలు హైదరాబాదు నుంచి వచ్చి మా సత్తెనపల్లిలో గది తీసుకుని ఉంటోంది. ఊరు విడిచి పనికి వచ్చిన కూలీలకు ఆరోగ్యబీమా ఏ మేరకు అందుతున్నది అన్నది ఆ అమ్మాయి పరిశోధన. చదువురానివారి చేత వేలిముద్ర వేయించేటప్పుడు, విషయమంతా చదివి వినిపించారనీ, పేరు చెప్పిన మనిషే ముద్ర వేసిందనీ, ఏ పక్షానికీ చెందని ఒకరు సంతకం చేయాలట. వారి ఎథిక్స్ కమిటీ నియమం. హెడ్మాస్టరుగా రిటైరైనవాడు, అబద్ధమాడడు అని ఎవరో నా పేరు చెప్పారు. ఆ మాటకు పొంగిపోయాను. ఈ డైరీలోనైనా ఒప్పుకోవాలి కదా.

మొదటి పొలం చెంచురామయ్యది. ఊరికి నాలుగు మైళ్లు. ఆరెకరాల మిరప. కర్నూలు అవతలి పల్లెల నుంచి పన్నెండుమంది ఆడవాళ్లు కోతకు వచ్చారు. మేస్త్రీ పేరు ఉస్మాన్. కాయ ఎండబోసే కల్లం పక్కనే నీలం పట్టాలతో గుడారాలు వేసుకున్నారు. గాలి మళ్లినప్పుడల్లా అనూష తుమ్మింది, నేను తుమ్మాను, ఆటో అతను తుమ్మాడు. వాళ్లు తుమ్మలేదు.

అంగీకారపత్రాన్ని తెనిగించినదీ నేనే. ఇందు పాల్గొనుట సంపూర్ణముగా మీ ఐచ్ఛికము అని నిదానంగా చదివాను. పన్నెండు ముఖాలూ పెళ్లిమంత్రాలు వింటున్నట్టు విన్నాయి. ఉస్మాన్ వాళ్లవైపు తిరిగి, ఇష్టముంటే చెప్పండి, లేకుంటే లేసి కాయ కోసుకోండి అంటన్నాడు సామి అన్నాడు. అందరూ నవ్వారు. నాలుగు పుటల నా వచనం అంతటితో ముగిసింది.

ఉస్మాన్ ఇచ్చిన జాబితా చూసి పేర్లు పిలిచాను. పన్నెండో పేరు ఖైరున్నీసా. ఒత్తులు తప్పకుండా పిలిచాను. ఎవరూ పలకలేదు. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. అప్పుడు పలికింది. ఒక్క శ్వాస ఆలస్యం. వయసు ముప్పై ఆరు అని ఉంది. ముఖం ఇరవై మూడు దాటలేదు. ఉస్మాన్ వైపు చూశాను. తిండి పట్టని ఒళ్లు సామీ, వయసు అగపడదు అన్నాడు.

సంతకం చేశాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

రథసప్తమి. జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేశాను. సూర్యుణ్ణి కర్మసాక్షి అంటారు. అర్ఘ్యమిస్తూ తలెత్తి చూడలేకపోయాను.

ఫిబ్రవరి 5, బుధవారం

అనూష ఒక్కొక్కరినీ గుడారం నీడలో కూర్చోబెట్టుకుని ట్యాబ్‌లో జవాబులు ఎక్కించుకుంటోంది. నేను నాలుగు గజాల దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ప్రసవాలు, నెలసరి, ఆపరేషన్లు అడిగే ప్రశ్నలు వచ్చినప్పుడు స్టూలు తిప్పి వీపు పెట్టాను. మర్యాద అనుకున్నాను. చెవులు మాత్రం తిప్పలేం.

ఖైరున్నీసా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఊరు, భర్త పేరు, ఇద్దరు ఆడపిల్లలు. బీమా కార్డు ఉంది, మేస్త్రీ సంచిలో ఉంది. ఎప్పుడైనా ఏదైనా ఆపరేషన్ అయిందా అని అనూష అడిగింది. లేదు అన్నది. ఆ ఒక్క జవాబు పాఠంలా లేదు.

ఇంటికి వచ్చి స్టూలు సంగతి చెప్పాను. నా భార్య వెంకటేశ్వరమ్మ చేటలో బియ్యం ఏరుతూ, వీపు పెట్టి కూర్చునే సాక్షిని ఇప్పుడే వింటున్నానండీ అన్నది. నవ్వలేదు. అందువల్లనే గుచ్చుకుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నాలుగు పొలాలూ అయ్యాయి. నా సంతకాలు ముప్పై ఎనిమిది.

తిరుగుప్రయాణంలో ఆటో హోరులో అనూష తన పరిశోధన సారం చెప్పింది. బీమా ఇంటికి ఇస్తారు మాస్టారూ, జబ్బు మనిషికి వస్తుంది అన్నది. ఇల్లు ఒకచోట, మనిషి మూడు జిల్లాల అవతల. అందులోనూ ఆడమనిషి సంగతి మరీ విచిత్రం. పెళ్లవగానే పుట్టింటి కార్డులోంచి పేరు తీసేస్తారు, అత్తింటి కార్డులో ఎక్కడానికి ఏళ్లు పడుతుంది, అత్తిల్లు వేరే రాష్ట్రమైతే ఇక అంతే. ఆ మధ్యకాలంలో ఆవిడకు జబ్బు రాకూడదు అన్నది.

చిన్నప్పుడు గురువుగారు త్రిశంకువు కథ చెప్పి, రెండు లోకాలూ కాదన్నవాడికి మూడో లోకం సృష్టించిన ఋషి ఉన్నాడు అనేవారు. ఈ ఆడవాళ్లకు ఎవరున్నారు అని అడగబోయాను. కూడలి వచ్చింది. దిగిపోయాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అనూషకు చెప్పకుండా ఒక్కణ్ణే చెంచురామయ్య పొలానికి వెళ్లాను. కల్లంలో తాలుకాయలు వేరుచేస్తున్న ఉస్మాన్‌ను గట్టు మీదికి పిలిచాను. ఆ పిల్ల ఖైరున్నీసా కాదు గదా అన్నాను.

చేతిలోని తాలుకాయను నలిపి పారేశాడు. మీది ఏ ఊరు సామీ అన్నాడు. పుట్టింది మంగళగిరి అన్నాను. మా ఇంట్లో మగ్గం ఉండేదని చెప్పాను. మేం దూదేకులోళ్లం, మా తాతలు ఏకిన దూదే మీ తాతలు నేసింటారు, ఆ లెక్కన మీరు మావోళ్లే, చెప్తా వినండి అన్నాడు.

వాళ్ల జట్టులో ఒక పద్ధతి ఉంది. చెంచురామయ్యకు పోయినేటి చేతులే కావాలి. కొత్త చేయి తొడిమ ఊడబీకుతుంది, తొడిమ ఊడిన కాయ నిలవుండదు, అందుకని అవే పన్నెండు పేర్లు ప్రతి ఏడూ రావాలంటాడు. ఎవరికైనా వీలుపడకపోతే ఆ ఇంటిదే ఇంకొకతె వస్తుంది. వచ్చినామె పోయినామె పేరుకే పలుకుతుంది. జట్టులో పేరు ఖాళీగా ఉండకూడదు. వాళ్లలో వాళ్లు కూడా ఆ పేరుతోనే పిలుచుకుంటారు, లేకుంటే ఒకరోజు నోరు జారుతుంది.

ఖైరున్నీసాకు మోకాలు వాచింది. చెల్లెలు వచ్చింది. పేరు ఖుర్షిదా. తుంగభద్ర అవతలి గట్టు ఊరికి ఇచ్చారు. అది వేరే రాష్ట్రం. అక్క ఈ గట్టు. అక్కకు ఇక్కడ చెల్లే కార్డు ఉంది. చెల్లెలికి పుట్టింట పేరు తీసేశారు, అత్తింట ఎక్కలేదు. అనూష చెప్పిన మధ్యకాలం ఈ పిల్లే.

రైతుకు తెలిస్తే మళ్లీ ఏడు జట్టును రానియ్యడు, పన్నెండు ఇళ్ల కూడు సామీ, మీ నోట్లో పెట్టుకోండి అన్నాడు.

సరే అన్నాను.

దూరంగా ఆ పిల్ల సాలులో వంగి కోస్తోంది. రెండు వేళ్లతో కాయను పైకి ఎత్తి, మూడో వేలితో నొక్కి తెంపుతోంది. తొడిమ ఒక్కటీ ఊడలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

అనూష ఎదురుపడింది. మాస్టారూ, ఏమైంది అలా ఉన్నారు అని అడిగింది. ఎండ అన్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఉదయం 11.20

ఉస్మాన్ ఫోన్. ఆ పిల్ల సాలులో పడిపోయిందట. పొత్తికడుపులో నొప్పి రాత్రినుంచీ ఉంటే చెప్పలేదట. ట్రాక్టరులో టౌనుకు తెస్తున్నాడు. ఇక్కడ నాకు మీరు తప్ప ఎవరూ తెలియదు సామీ అన్నాడు. చొక్కా తొడుక్కుంటున్నాను.

12.40

ప్రైవేటు ఆసుపత్రి. బీమా కార్డు చెల్లే చోటు. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవు.

ఉస్మాన్ అక్క కార్డు ఇచ్చాడు. నా కళ్లలోకి చూడకుండా ఇచ్చాడు. డెస్క్ దగ్గర ఉన్నది వేణుగోపాల్. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. లేచి నిలబడి, మాస్టారూ, కాపీ కొట్టానని గోడకుర్చీ వేయించారు, గుర్తుందా, ఆ మోకాళ్లు ఇప్పటికీ నొప్పి అంటాయి అన్నాడు. గుర్తులేదు. ఉందన్నాను.

వేలిముద్ర యంత్రం మూడుసార్లు కాదంది. వేణుగోపాల్‌కు ఆశ్చర్యం లేదు. మిరప కోసేవాళ్లకు సీజన్లో ముద్రలు పడవు, చర్మం ఊడిపోతుంది మాస్టారూ, రోజుకు ఇద్దరు ముగ్గురు వస్తారు అన్నాడు. అది నిజం. మా నాన్న వేళ్ల కొసలు కూడా నూలు ఒరిసి గాజులా ఉండేవి. ఈ పిల్ల ముద్ర పడకపోవడానికి కారణం వేరు. ఆ కారణాన్ని ఈ కారణం చక్కగా కప్పింది.

ఇలాంటి కేసుల్లో తెలిసిన పెద్దమనిషి ధ్రువీకరిస్తే సరిపోతుందట. ఫారం నా ముందు పెట్టాడు. మీకన్నా ఎవరున్నారు మాస్టారూ అన్నాడు.

స్ట్రెచర్ మీద ఆ పిల్ల మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

1.15

సంతకం చేశాను. కార్డుదారు ఖైరున్నీసాను నేను స్వయంగా ఎరుగుదును అని.

ప్రాణం నిలిపేందుకు ఆడిన అసత్యం దోషం కాదని ధర్మం తెలిసిన పెద్దలు ఒప్పుకున్నారు. ఈ మాటను నలభై ఏళ్లు పిల్లలకు చెప్పాను. నేడు అక్కరకు వచ్చింది. తేలికగా ఉంది. తేలికగా ఉండటమే బాగాలేదు.

2.05

ఈ ముక్క త్వరగా రాయాలి.

కార్డు నంబరు కొట్టగానే పాత రికార్డు వచ్చింది. డ్యూటీ డాక్టరమ్మ నిలబడే చదివింది. మూడేళ్ల కిందట ఇదే కార్డు మీద గర్భసంచి తీసేశారు. అయితే ఆ వైపు చూడక్కర్లేదు, కిడ్నీలో రాయి అయి ఉంటుంది, స్కాన్ చేసే ఆయన అయిదింటికి వస్తారు, అప్పటిదాకా నొప్పికి ఇంజెక్షను, సెలైన్ పెట్టండి అని నర్సుకు చెప్పి ఇంకో పేషెంటు దగ్గరకు వెళ్లింది.

తీసేసినది అక్కకు. చెల్లెలికి కాదు. ఏ ఆపరేషనూ లేదు అని చెల్లెలు చెప్పిన రోజు నేను వీపు పెట్టి వింటున్నాను.

ఉస్మాన్ దగ్గరకు వెళ్లి చెవిలో చెప్పాను. రాయే అయిండొచ్చు గదా సామీ అన్నాడు. అవును, అయి ఉండొచ్చు. నిజం చెబితే కార్డు పోతుంది, మంచం పోతుంది, నా మాట పోతుంది. చెప్పకపోతే అయిదు దాకా ఆగాలి. ఇద్దరమూ ఒకేసారి గోడగడియారం చూశాం.

2.25

ఇంటికి ఫోన్ చేశాను. ఏం అడగాలో తెలియక జరిగినదంతా వరసగా చెప్పాను. వెంకటేశ్వరమ్మ మధ్యలోనే ఆపి, ఆ పిల్ల నెల తప్పిందా అని అక్కడ ఒక్కరైనా అడిగారా అన్నది. ఎవరూ అడగలేదు. గర్భసంచే లేదన్న మనిషిని ఎవరు అడుగుతారు. మీరు అడగలేరు గానీ ఫోన్ ఆ పిల్ల చెవి దగ్గర పెట్టండి, మీరు అవతలికి పోవద్దు, అక్కడే నిలబడండి అన్నది.

పెట్టాను. నిలబడ్డాను. ఈసారి వీపు తిప్పలేదు. ఆ పిల్ల గుసగుసగా ఊ, ఊ అంటోంది. తరవాత రెండు వేళ్లు చూపింది, ఫోన్‌కు కనిపిస్తుందన్నట్టు. భుజం నొప్పి అన్నది. కళ్లు తిరుగుతున్నాయన్నది.

ఫోన్ నా చెవికి తీసుకున్నాను. రెండు నెలలు అన్నది నా భార్య. మా పెద్దమ్మ కూతురు ఇట్లాగే పోయింది, కడుపు నొప్పి అని పడుకుని, ఇంకా అక్కడే నిలబడ్డారేమండీ అన్నది.

2.50

చెప్పేశాను. వరండాలో, అందరి ముందు. ఈమె ఖైరున్నీసా కాదు, ఆమె చెల్లెలు ఖుర్షిదా, గర్భసంచి ఉంది, రెండు నెలలు అయింది, నేను రాసి ఇచ్చినది అబద్ధం అని.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఎవరి కార్డు అన్నది తరవాత చూసుకునేవాళ్లం, ఎవరి కడుపు అన్నది ముందు చెప్పాల్సింది కదండీ అన్నది. అంటూనే నడుస్తోంది.

3.10

పరీక్ష చేశారు. గర్భం ఉంది. సంచిలో కాక పక్కనాళంలో నిలిచి అది చిట్లినట్టుంది, లోపల రక్తం పోతోంది అన్నది డాక్టరమ్మ. సర్జన్ ఇవాళ ఊళ్లో లేరు, ఇక్కడ రక్తం లేదు, గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి, నేను ఫోన్ చేసి చెబుతాను, సెలైన్ తియ్యకండి అన్నది. అంబులెన్సు పిలిచారు. ఇరవై నిమిషాలట.

వేణుగోపాల్ నా ధ్రువపత్రం చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇంకా పైకి పంపలేదు, చించెయ్యమంటారా మాస్టారూ, మీ పేరు ఎక్కడా ఉండదు అన్నాడు. వాడి ఉద్యోగం కూడా ఆ కాగితం మీదే ఉంది. వద్దన్నాను. అసత్యము, రద్దు అని అడ్డంగా రాసి, టైము వేసి, కింద మళ్లీ సంతకం చేశాను. కాపీ కొట్టినవాణ్ణి నేనే, నీవు కాదు, అలాగే రాసుకో అన్నాను.

గోడకుర్చీ వెయ్యమంటారా అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

4.00, అంబులెన్సులో

అక్షరాలు వంకర పోతున్నాయి. గతుకులు.

ఆ పిల్లకు తెలివి ఉంది. అక్కడ ఏం పేరు రాస్తారు సామీ అని అడిగింది. నీదే అన్నాను. కాసేపటికి, అక్క పేరు చెడగొట్టినానా అన్నది. లేదన్నాను. నేను చెడగొట్టాను అన్నాను. అర్థమైందో లేదో.

మూడో తేదీన ఒక్క శ్వాస ఆగి ఉంటే. పేరు పిలిచి, ఎవరూ పలకనప్పుడు, నీ పేరేమిటమ్మా అని అడిగి ఉంటే. ఈ పిల్ల తన పేరు చెప్పేదేమో. అనూష రాసుకునేది. ఈ రోజు వచ్చేది కాదు. నా ఒత్తులు సరిగ్గా పలికాయా లేదా అని చూసుకుంటున్నాను నేను ఆ పూట.

ఉస్మాన్ పెదవులు కదుపుతున్నాడు. దువా. నాకూ ఏదో శ్లోకం రావాలి. నోటికి రాని శ్లోకం లేదనుకున్నాను ఇన్నాళ్లూ.

5.35, గుంటూరు

కౌంటర్లో పేరు అడిగారు. ఖుర్షిదా. వయసు. ఇరవై మూడు. ఊరు. నది అవతలి ఊరి పేరు చెప్పాడు ఉస్మాన్. కార్డు. లేదు అన్నాడు.

లేదు అని రాసుకున్నాడు గుమాస్తా. తలెత్తలేదు. బండి లోపలికి తోశారు. ఆ రెండక్షరాలకు ఇంత భయపడ్డాం.

నేనొక యూనిట్ రక్తం ఇస్తానన్నాను. నా వయసు చూసి నర్సు, కూర్చోండి తాతగారూ అన్నది. ఉస్మాన్ ఇచ్చాడు.

ఫిబ్రవరి 13, గురువారం

బతికింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అనూష గదికి వెళ్లి అంతా చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ అమ్మాయి కోప్పడుతుందని సిద్ధపడి వెళ్లాను. కోప్పడలేదు. ఖుర్షిదా ఎలా ఉంది అని మొదట అడిగింది. ఆ తరవాత, మీకు ఎప్పుడు తెలిసింది మాస్టారూ అని అడిగింది. తొమ్మిదో తేదీన ఉస్మాన్ చెప్పాడు అన్నాను. ఆగాను. కాదు, మూడో తేదీన తెలిసింది అన్నాను.

ట్యాబ్ మూసేసింది. ముప్పై ఎనిమిది ఫారాల మీద మీరు సాక్షి, ఇప్పుడు నాకు ఆ ముప్పై ఎనిమిదిలో ఎవరు ఎవరో తెలియదు అన్నది. కమిటీకి రాయక తప్పదు, నా చదువు ఏమవుతుందో చూడాలి అన్నది. గొంతు మారలేదు. గ్లాసులో నీళ్లు పోసి నాకు ఇవ్వబోయి తనే తాగింది.

గుమ్మం దాటుతుండగా వెనక నుంచి, మీరు చెప్పకపోతే నా లెక్కల్లో ఖైరున్నీసా కార్డు సకాలంలో వాడుకున్న మనిషి అయ్యేది మాస్టారూ, బీమా అందింది అని రాసేదాన్ని అన్నది.

ఇంటి దాకా నడిచే వచ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఫ్లాస్కులో టీ తీసుకుని గుంటూరు వెళ్లాను. ఖైరున్నీసా వచ్చి ఉంది. కుంటుతూ వార్డంతా తిరుగుతోంది. అదే ముఖం, పదమూడేళ్లు ముదిరి. చెల్లెల్ని ఆపకుండా తిడుతోంది. నా పేరు మోసుకుపోయి నా పేరుకే రోగం అంటించినావు గదే, ఇంక నేను ఏ ఆసుపత్రికి పోయినా చచ్చి బతికినదానివా అని అడుగుతారు అంటోంది. ఖుర్షిదా కుట్లు పట్టుకుని నవ్వుతోంది. నవ్వించొద్దే అక్కా అంటోంది.

నేను టీ పోసి ఇచ్చాను. ఇద్దరూ లేవబోయారు. కూర్చోబెట్టాను. ఒక నాళం తీసేశారట. ఇంకొకటి ఉంది. పిల్లలు పుడతారు అని డాక్టరు చెప్పాడని ఖైరున్నీసా నాతో చెప్పింది. నా ముఖంలోకి సూటిగా చూసి చెప్పింది. నేను కళ్లు దించలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

చెంచురామయ్యకు నేనే చెప్పాలని వెళ్లాను. జట్టును వెళ్లగొట్టవద్దని బతిమాలుకోవడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఉస్మాన్ చేతులు కట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

చెంచురామయ్య కాయల రాశిలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. నాకు రెండో రోజే తెలుసండీ మాస్టారూ అన్నాడు. పెద్దది తొడిమను కిందికి వంచి కోస్తుంది, ఈ పిల్ల పైకెత్తి కోస్తుంది, ముప్పై ఏళ్లుగా కాయ చూస్తున్నాను, కోసిన చేయి తెలియదా అన్నాడు. మరి ఎందుకు అడగలేదు అన్నాను. తొడిమ ఊడలేదు గదండీ అన్నాడు. ఆ పైన ఉస్మాన్‌ను చూసి, ఒరేయ్, నన్ను మోసం చేశానని ఎన్నేళ్లుగా మురిసిపోతున్నావురా అన్నాడు.

ఉస్మాన్ గట్టు మీద కూలబడ్డాడు.

ఎవరి దగ్గర దాచామో ఆయనకు తెలుసు. తెలియనిది డాక్టరమ్మ ఒక్కతెకే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఉస్మాన్ ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కొత్త జాబితా రాసిమ్మన్నాడు. ఈసారి ఉన్నవాళ్ల పేర్లే, నిజం పేర్లే, మీ చేత్తో రాసియ్యండి సామీ అన్నాడు. పన్నెండు పేర్లలో మూడు మారాయి. పన్నెండోది ఖుర్షిదా. మంచి సిరాతో, నిదానంగా రాశాను. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కళ్లకద్దుకుని, కార్డుల సంచిలో దాచుకున్నాడు. వెంకటేశ్వరమ్మ కాఫీ ఇచ్చి, మీ వంశంలో ఇంత భక్తిగా ఎవరి రాతా దాచుకోలేదండీ అన్నది నాతో.

ఫిబ్రవరి 27, గురువారం

కమిటీ ఉత్తరం వచ్చిందని అనూష ఫోన్ చేసింది. ముప్పై ఎనిమిది ఫారాలూ చెల్లవు. అందరినీ మళ్లీ కలిసి మళ్లీ అడగాలి. నా సంజాయిషీ జతపరిచారు. సాక్షిని మార్చాలా వద్దా అన్నది ఆమెకే వదిలారు.

నేను వద్దంటే బాగుంటుంది మీకు, తేలిపోతుంది అన్నది. అవునన్నాను. అందుకే రమ్మంటున్నాను, స్టూలు ఇటు తిప్పి వేసుకోండి మాస్టారూ అన్నది.

అంగీకారపత్రం మళ్లీ రాశాను. ఒక పుట. మొదటి వాక్యం ఉస్మాన్‌ది. ఇష్టముంటే చెప్పండి, లేకుంటే లేచి కాయ కోసుకోండి.

మార్చి 4, మంగళవారం

రంజాన్ ఉపవాసాలు మొదలై మూడో రోజు. ఫారాలు మళ్లీ నింపడానికి చెంచురామయ్య పొలానికి వెళ్లాం. ఖుర్షిదా ఊరికి వెళ్లిపోయింది. ఆమె సాలులో ఖైరున్నీసా, మోకాలికి గుడ్డ కట్టుకుని కోస్తోంది. గుంటూరు వార్డులో నా చేతి టీ తాగిన మనిషి. నన్ను చూసి నవ్వింది.

ఉస్మాన్ కవరులోంచి జాబితా తీసి ఇచ్చాడు. నా దస్తూరి. పన్నెండో పేరు పిలిచాను. ఖుర్షిదా.

ఆమె పలికింది. ఒక్క శ్వాస కూడా ఆలస్యం లేదు.

సంతకం చేయకుండానే కలానికి మూత పెట్టాను. గట్టు మీద, ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.